మిషన్ మార్చినవాడు చేసిన బోణీ

నా పేరు కొల్లి అమరేశ్వరరావు, తండ్రి పేరు తాతారావు, వయసు అరవై ఒకటి, వృత్తి గడియారాల మరమ్మతు. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో నా దుకాణం ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా మేజిస్ట్రేట్ గారి ఎదుట చెబుతున్నాను.

నా పక్క దుకాణం జమునది. సూట్‌కేసులకు జిప్పులు వేస్తుంది, చిన్న తాళాలు అమ్ముతుంది. రైలు పట్టుకోబోయేవాళ్లే ఆమెకు బేరం. వాళ్లలో సగం మంది దగ్గర నోట్లుండవు, కార్డు చాపుతారు. కార్డు తీసుకోనంటే తెగిన జిప్పుతోనే వెళ్లిపోయేవారు. అందుకని కార్డు మిషన్ పెట్టాలని పట్టుబట్టింది. బ్యాంకువాళ్లు బోర్డు ఏదీ అంటే బోర్డు రాయించింది. లైసెన్సు ఏదీ అంటే ఆబిడ్స్ చుట్టూ తిరిగి తెచ్చుకుంది. నేనైతే మొదటి రోజే చేతులెత్తేసేవాణ్ని. మిషన్ వచ్చిన రోజు దానికి పసుపు కుంకుమ పెట్టి గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టింది. కొత్త అల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదని ఏడిపించాను. ఆ మిషన్ వచ్చాకే ఆమె దుకాణం నిలబడింది.

2025 ఫిబ్రవరి 11, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు, మిషన్ కంపెనీ చొక్కాతో, మెడలో గుర్తింపు కార్డుతో నిందితుడు వచ్చాడు. పేరు శశికిరణ్ అని తర్వాత తెలిసింది. పాత మిషన్ ఇక పనిచేయదని, తీసుకుని కొత్తది ఇస్తానని అన్నాడు. నేను నమ్మాను. జమునా నమ్మింది. నమ్మి కూడా వెంటనే ఇవ్వలేదు.

"బోణీ గాకముందు గల్లా కాడి సామాను బయటికి పోనియ్య తమ్మీ. జర బోణీ చేసి తీస్కపో," అంది.

అతను నసిగాడు. నోట్లు లేవన్నాడు. మిషన్ ఉంది కదా, దాని మీదే చెయ్యమంది. తొందరలో ఉన్నాడేమో, చిన్న తాళం ఒకటి ఎంచుకుని సొంత కార్డే పెట్టాడు. జమున మిషన్‌ను కళ్లకద్దుకుని అతని చేతికిచ్చింది. అతను కొత్తది పెట్టి గబగబా వెళ్లిపోయాడు. కొన్న తాళం బల్ల మీదే మర్చిపోయాడు.

మధ్యాహ్నం దాకా బేరాలు బాగానే జరిగాయి, కాని డబ్బు పడినట్టు ఎప్పుడూ వచ్చే మెసేజీ జమున ఫోనుకు ఒక్కటీ రాలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే తాము ఎవరినీ పంపలేదన్నారు. ప్రయాణికులు కట్టినదంతా అతని ఖాతాలోకి పోతోందని అప్పుడు తెలిసింది. నేను పోయిన డబ్బు లెక్కకడుతూ కూర్చున్నాను. జమున మాత్రం కొత్త మిషన్ తీగ పీకేసి, షట్టర్ దించి, పోలీసు స్టేషన్‌కు బయలుదేరింది.

"వాని బోణీ నా ఖాతాల ఉన్నది గదన్నా," అంది.

పాత మిషన్ మీద అతను చేసిన ఆ ఒక్క చెల్లింపు పట్టుకునే పోలీసులు కార్డును, కార్డు వెనక మనిషిని పట్టుకున్నారు. ఆమె మిషన్ కూడా దొరికింది, పసుపు చెరగకుండా.

అనుమానం వచ్చే అలా చేయించిందా అని తమరు అడిగారు. నేనూ ఆమెను అదే అడిగాను. అనుమానమేం లేదని, ఎవరొచ్చినా అదే మాట అనేదాన్నని చెప్పింది. అలాంటి మనిషి పక్కన నా దుకాణం ఉన్నందుకు నాకు గర్వంగా ఉంది.

అతన్ని గుర్తుపట్టడానికి మమ్మల్ని పిలిచిన రోజు జమున కొంగుముడి విప్పి, ఆ తాళాన్ని చెవితో సహా అతని ముందు పెట్టింది. తిట్టలేదు.

"పైసలు కట్టినవు, సామాను ఇడిసిపెట్టి పోయినవు. బోణీ బేరం తమ్మీ, నీది నాకొద్దు."

శశికిరణ్ తల ఎత్తలేదు. తాళం తీసుకున్నాడు.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. అంతా నిజం. ఎక్కువ చేసి చెప్పింది ఏమీ లేదు. జమున గురించి మాత్రం తక్కువే చెప్పాను.

(సంతకం)
కొల్లి అమరేశ్వరరావు