ఎల్ఫ్రీడ కుట్టిన పిండి మూట

1998 అక్టోబరు నాలుగు, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. లైప్‌జిగ్ దగ్గరి ఆ పల్లె చర్చిలో పంటల పండుగ ప్రార్థన ముగించుకుని అంతా ఎల్ఫ్రీడ వాకిట్లో కాఫీకి చేరారు. ఆమె చెల్లెలి కూతురు జిల్కె కొత్త కాపురానికి బయల్దేరుతోంది. పెద్దింటి చెక్కపెట్టెలోంచి గరిటెడు చీజు పురుగులు పట్టుకెళ్లడం ఆ ఇంటి ఆడపిల్లల ఆనవాయితీ. చూపుకు ధూళిలా ఉండే ఆ పురుగులే చీజును పండిస్తాయి. వాటికి రోజూ రై ధాన్యం పిండి చల్లాలి. యుద్ధంలో ఇల్లు కూలినా ఎల్ఫ్రీడ అమ్మమ్మ ఆ పెట్టెను మాత్రం వదల్లేదు.

పురుగుల మేత భర్తకు అప్పగించి, పెళ్లిబట్టలు కుట్టడానికి చెల్లెలింట్లో మూడు వారాలుండి, ఎల్ఫ్రీడ ముందురోజే తిరిగొచ్చింది. వచ్చినప్పటినుంచీ భర్త లోథర్ ఆమెను పెట్టె దగ్గరికే పోనివ్వడం లేదు. 

"పెట్టె తే పెదనాన్నా," అంది జిల్కె.

"తెస్తానే తల్లీ, ముందిది విను. మన మేడగదిలో అద్దెకున్న యూనివర్సిటీ పిల్ల లేదూ, ఈ పురుగు గుడ్లకు రంగు పట్టిస్తుంది. ఏ జీన్ ఎక్కడ పనిచేస్తుంటే అక్కడ నీలంగా కనపడుతుందిట. 'వీటి తాతముత్తాతలకు ఒంటి వెనక జెర్రికున్నట్టు బోలెడు ఖండాలుండేవి, అవేమైపోయాయో అంతుపట్టడం లేదు లోథర్ గారూ,' అని ఏడుపుమొహం పెట్టింది. నేను దాని మైక్రోస్కోపులో ఒక్క కన్ను మూసి చూశాను. పుట్టగానే ఆరే కాళ్లు, నాలుగో జత తర్వాతెప్పుడో. 'ఆ జతను ఆపే జీన్‌ను జోకొట్టు, వెనక ఖండాలు పెంచేదాన్ని లేపు,' అన్నాను."

"లేపిందా?" అన్నాడు పక్కింటి ఎగోన్.

"దాని వల్లేమవుతుంది! నేనే లేపాను, రెండు చుక్కల నల్లబీరుతో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఖండం వెనక ఖండం, ఒక్కోదానికి ఎనిమిదేసి కాళ్లు, పిల్లి అంత, పంది అంత, తలేమో బీట్‌రూట్ చేలు దాటిపోయింది, తోకింకా పెట్టెలోనే మొలుస్తోంది!"

"అబ్బో!"

"అబ్బో కాదు, ఆ రోజు లైప్‌జిగ్ రైలు రాక జనం అల్లాడుతుంటే దీన్నే పట్టాలెక్కించాను. ఖండానికి నలభైమంది! టికెట్లాయన కాళ్లు లెక్కపెట్టలేక కళ్లు తిరిగి పడ్డాడు. పాపం, తిరిగొచ్చాక ఆకలంటే, మూలనున్న రై పిండి మూట మొత్తం దాని నోట్లో కుమ్మరించాను, ఈ చేతుల్తో!"

ఎల్ఫ్రీడ కాఫీ కప్పు మెల్లగా కింద పెట్టింది.

"ఏ మూటండీ?"

"నువ్వు పెట్టి వెళ్లిందే."

"దానికి నేనేసిన కుట్టు ఇంకా విప్పలేదే."

లోథర్ లేచి వెళ్లి, తలొంచుకుని పెట్టె తెచ్చాడు. పురుగులు బతికుంటే మూత తీయగానే గుప్పుమనాల్సిన నిమ్మతొక్క వాసన లేదు. ఉత్త చెక్క వాసన. జిల్కె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు పిల్లా," అన్నాడు ఎగోన్. "మా అమ్మ కోడలిగా వచ్చినప్పుడు గరిటెడు పోసింది మీ పెద్దమ్మ వాళ్ల అమ్మమ్మే. ఆ సంతతి మా ఇంట్లో చల్లగా ఉంది. మీ పెదనాన్న రైల్లోంచి ముందే దిగిపోయాయి!"

అందరూ పగలబడి నవ్వారు, లోథర్ కూడా. ఎగోన్ ఇంటికెళ్లి గిన్నెడు తెచ్చాడు. జిల్కెకు ఒక గరిటె, పెట్టెలోకి ఒక గరిటె. ఎల్ఫ్రీడ చేతులు జోడించి, అమ్మమ్మను తలచుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి మూట కుట్టు విప్పి ఉంది. లోథర్ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ముగ్గు వేస్తున్నంత జాగ్రత్తగా పిండి చల్లుతున్నాడు.

"ఎన్ని ఖండాలొచ్చాయండీ?"

"ష్! ముందు తిననీ వాటిని."

మూత వేశాక ఇద్దరూ ప్రార్థన చెప్పుకుని రొట్టె కోసుకున్నారు.