కళ్లు మూసుకోని డ్రిల్లు మాస్టారు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మన హెడ్మాస్టరు శ్రీనివాసరావు గారికి, ముఖ్య అతిథిగా అమలాపురం నుంచి శ్రమపడి వచ్చిన మన పాత హెడ్మాస్టరు కొండలరావు గారికి, కుర్చీలు దొరికిన పెద్దలకు, దొరక్క కిటికీల దగ్గర నిలబడిన మిత్రులకు, నా ఈల విని విని విసిగిపోయిన పిల్లలకు, ఈ సుందరరావు నమస్కారాలు.

ఇంతసేపూ మాట్లాడిన వారంతా నన్ను ధ్యానయోగి అన్నారు. వ్యాయామాన్నీ ధ్యానాన్నీ కలిపిన మొదటి డ్రిల్లు మాస్టారునని సన్మానపత్రంలో అచ్చు కూడా వేయించారు. ముందు వరుసలో కూర్చున్న మా ఆవిడ దానమ్మ ఆ పత్రం రెండుసార్లు చదివి, ఇది ఎవరి గురించి అని పక్కావిడను అడిగింది. (నవ్వులు) చర్చిలో ప్రార్థన జరుగుతుంటే కూడా కళ్లు మూయని మనిషినని ఆవిడకు నా మీద పదమూడేళ్లుగా ఫిర్యాదు ఉంది.

అసలు సంగతి ఇప్పటి వాళ్లకు తెలియదు. డెబ్బై నాలుగులో కొండలరావు గారు రాజమండ్రిలో పది రోజుల ధ్యాన శిబిరానికి వెళ్లారు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. (నవ్వులు. కొండలరావు గారు కూడా నవ్వారు.) తిరిగొచ్చిన సోమవారమే నన్ను పిలిచి, పిల్లల ఒళ్లు ఒకచోట, మనసు ఒకచోట ఉంటోందని చాలా బాధపడి, ఇకమీదట మార్చింగు కళ్లు మూసుకుని, ఊపిరి మీద ధ్యాస పెట్టి చేయించమన్నారు. గ్రౌండు పక్కనే పంటకాలువ ఉంది కదండీ అన్నాను. మనసు నిలిస్తే కాలు అదే నిలుస్తుందన్నారు. ఆయనతో వాదించేంత చదువు నాకు లేదు. 'ఆయ్' అని వచ్చేశాను.

నేను చెడ్డ మాస్టర్ని కాను. అదే కొంప ముంచింది. నా నోట 'హాల్ట్' అన్న మాట వచ్చేదాకా అడుగు ఆపకూడదని ఆరో తరగతి వాళ్లకు జూన్ నుంచి నూరిపోశాను. ఆ రోజు వాళ్లను వరుసల్లో నిలబెట్టి, కళ్లు మూయించి, నడిపించాను. హెడ్మాస్టరు గారు వరండాలో కళ్లు మూసుకుంటూ, గురువు చేయనిది పిల్లలేం చేస్తారని నన్నూ మూసుకోమన్నారు. మూసుకున్నాను.

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని నిజం చెబుతున్నాను. ఆ రోజు నాకు ధ్యానం కుదిరింది. ఎండ తెలియలేదు, మోకాలి నొప్పి తెలియలేదు. అంత హాయి నా జన్మలో ఎరగను. ఆ హాయిలో హాల్ట్ అనడం మరిచిపోయాను.

నీళ్ల చప్పుడుకు కళ్లు తెరిచాను. మొదటి వరుస కాలువలో ఉంది. రెండో వరుస ఇంకా నడుస్తూనే ఉంది. నేను ఆగమనలేదు కదా.

హాల్ట్ అని అరిచి, కాలువలోకి దూకి, అయిదుగురినీ పైకి లాగాను. అయిదో పిల్లకు ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. ఆ పిల్లే మన సైన్సు టీచరు సూర్యావతి. అదిగో, ఆ స్తంభం దగ్గర కూర్చుంది. వాళ్ల నాన్న వీర్రాజు గారు చేలోంచి బురద కాళ్లతో పరుగెత్తుకొచ్చి, పిల్లను చూసి, నన్ను చూసి, "మీరున్నారు కదండీ అని పంపేమండి" అన్నారు. అంతే అన్నారు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ధ్యానం మాత్రం ఆగలేదు. డ్రిల్లయ్యాక పావుగంట కూర్చోబెట్టి చేయించమన్నారు కొండలరావు గారు. పిల్లలు కళ్లు మూసుకునేవారు, నేను చుట్టూ తిరుగుతూ తలలు లెక్కపెట్టుకునేవాణ్ణి. తనిఖీకి వచ్చిన అధికారులు ఆ తిరగడం కూడా ఒక రకం ధ్యానమనుకుని, మెచ్చుకుంటూ రాసి వెళ్లారు. యోగినైంది అలాగ. (నవ్వులు) నాకు తెలిసినంతలో దాని పేరు భయం.

కొండలరావు గారూ, మీ మీద కోపం ఉండేదండి. కొంచెం ఇప్పటికీ ఉంది. కానీ హాల్ట్ అనాల్సిన నోరు నాది.

నా స్థానంలో ఎవరినీ వేయడం లేదని, డ్రిల్లు పీరియడు ఎల్లుండి నుంచి సూర్యావతికి ఇచ్చారని విన్నాను. శాలువా కప్పినందుకు అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మా సూర్యావతీ, పిల్లల్ని హాయిగా కళ్లు మూసుకోమను. ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే, నువ్వు మాత్రం మూసుకోకు.

ఇక సెలవు.