ఓక్ ఆకుల కిరీటం

చితి చల్లార్చాలి, ఎముకలు ద్రాక్షసారాతో కడగాలి, కుండలో పెట్టి పాతాలి, పైన రాయి నిలపాలి. మొదటి మూడూ ముగించి, రైన్ నది ఒడ్డున ఉన్న రోమను దండులోని ఒక శతాధిపతి ముసలి శిల్పి కొట్టుకు వచ్చాడు.

“పోయినవాడి పేరు చెప్పండి దొరా.”

“లూకియస్ ఓవియస్. నా కింద సిపాయి, జ్వరంతో పోయాడు. పేరు పైన ఓక్ ఆకుల కిరీటం చెక్కు.”

“తోటి రోమను ప్రాణం కాపాడినవాడికే గదా అది. కాపాడబడ్డవాడు దండు ముందు ఒప్పుకుంటేనే ఇస్తారు.”

“ఈ పొద్దున ఒప్పుకున్నాడు.”

“ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నాడా?”

“ఒప్పుకుంటే కాపాడినవాణ్ణి బతికినంతకాలం తండ్రిలా చూసుకోవాలి తాతా. నాకంటే పదేళ్లు చిన్నవాణ్ణి, అందులోనూ నా కింది సిపాయిని, నాన్నా అనడానికి నామోషీ వేసింది.”

“ఆ ఓవియస్ అడగలేదా?”

“ఒక్కసారీ అడగలేదు. నా డాలు విరిగిన రోజు తన డాలు నాకు అడ్డం పెట్టాడు. తర్వాత ఎనిమిదేళ్లు నా పక్కనే నిలబడ్డాడు.”

శిల్పి ఉలి కింద పెట్టాడు.

“రాయి నిలిపినవారిగా మీ పేరూ హోదా పతకాలూ వేయాలి. అన్నీ పట్టవు దొరా.”

“అన్నీ తీసెయ్. కొడుకు అని వెయ్యి.”

“దండంతా నవ్వుతుంది.”

“నవ్వనీ. అలాంటి తండ్రి వాళ్లలో ఎవరికున్నాడు?”

మూడో రోజుకి బాట పక్కన రాయి లేచింది.

“బాటసారీ, కాస్త ఆగు. ఇక్కడున్నది లూకియస్ ఓవియస్. ఈ రాయి కొడుకు నిలిపాడు. దండు ముందు నేను ఆలస్యంగా పలికిన ఆ పేరు నువ్వైనా తలచుకుని వెళ్లు.”