పదకొండు కణాలు

ట్యూనిస్‌లో పిల్లల ఆసుపత్రి, రక్తపరీక్షల గది. డాక్టరు ఓల్ఫా, ల్యాబులోనే తల నెరిసిన హెదీ.

"మూడోసారి కూడా అదేనా, బాబాయ్? మళ్ళీ అదేనా?"

"నా మీద అరిస్తే అంకె మారుతుందా, ఓల్ఫా?"

"చదువు. ఇంకోసారి చదువు."

"ఇహెబ్, ఏడు నెలలు. బి కణాల మీద పళ్ళెం లేదు. క్రిముల్ని మింగే కణాల మీదా లేదు. టి కణాల మీద మాత్రం నూటికి పదకొండింట ఉంది."

"ఎలా ఉంటుంది? క్రిమి ముక్కని పైకెత్తి చూపించే ఆ పళ్ళెం మొలవాలంటే జన్యువు ఉండాలిగా! రెండు ప్రతులూ విరిగాయని రాసిచ్చింది నువ్వే."

"కాదన్నానా? ఒక్కో రకం కణానికి ఒక్కో స్విచ్ అని విద్యార్థులకి నువ్వే చెప్తావు. టి కణాలది వేరేదేమో."

"గదికో స్విచ్ నిజమే. వీడిలో పోయింది స్విచ్ కాదు, మెయిన్. మెయిన్ పోయాక ఏది నొక్కితే ఏం లాభం?"

"మరి ఒక గదిలో బల్బు వెలుగుతోందే!"

"అదే నా ఏడుపు! రేపు మూలుగ మార్పిడి కమిటీ. ఈ పదకొండు చూశారంటే 'వీడికి ఆ జబ్బు కాదు' అని కాగితం విసిరికొడతారు. మూడు నెలలు వాయిదా. వాడికి మూడు నెలలు ఎక్కడున్నాయి?"

"గొట్టాలు తారుమారై..."

"నా చేత్తో తీశాను రక్తం. నరం దొరక్క నాలుగుసార్లు గుచ్చాను. వాళ్ళమ్మ మాబ్రూకా వాడి పాదం పట్టుకుని కూచుంది."

"వాడి ఒంటి మీద దద్దుర్లు తగ్గాయా?"

"ఎక్కడ? వాడికి పడనిదేదో నీ పాలల్లోంచి పోతోందేమో, చేపలు మానెయ్యమన్నాం. మానేసింది. గుడ్లన్నాం, గోధుమన్నాం. ఉడికించిన బంగాళాదుంపల మీద బతుకుతోంది మనిషి. రవ్వంత తగ్గలేదు."

"కాస్త కూచో."

"కూచోను."

"అయితే నిలబడే విను. మెయిన్ పోయిన ఇంట్లో బల్బు వెలిగిందంటే పక్కింటి నుంచి వైరు లాగి ఉంటారు."

"జోకులా, బాబాయ్? ఇప్పుడా?... ఆగు. ఏమన్నావ్?"

"పక్కింటి నుంచి..."

"పళ్ళెం ఉన్న ఆ పదకొండు కణాల్నీ విడిగా తియ్యగలవా?"

"తీస్తా. తీసి ఏం చూడను?"

"ఆడవో మగవో చూడు."

"ఇహెబ్ మగపిల్లాడు కదమ్మా!"

"చూడు, బాబాయ్. ఊరికే చూడు."

మర్నాడు పొద్దున, అదే గది.

"చెప్పు, చెప్పు."

"తలుపు వెయ్యి ముందు. అన్నిట్లోనూ రెండేసి ఎక్స్‌లు. వై ఒక్కటీ లేదు."

"అంటే మాబ్రూకావి! కడుపులో ఉన్నప్పుడు వాడి రక్తంలోకి జారాయి. పళ్ళెం లేదుగా, ఇవి పరాయివని కనిపెట్టే దారి వాడికి లేదు. ఉండిపోయాయి."

"అయితే ఆ దద్దుర్లు..."

"ఇవే. వాడి చర్మాన్ని పరాయిదనుకుని తినేస్తున్నాయి."

"యా రబ్బీ! దేవుడా!"

"రాయి, బాబాయ్, తొందరగా. ఇహెబ్ సొంత కణాల మీద పళ్ళెం సున్నా. ఇవాళే వాడి పేరు ఎక్కిస్తాను. ఎందుకలా చూస్తావ్? దొరికింది కదా!"

"మాబ్రూకా వరండాలో ఉంది. ఇందాక నా చెయ్యి పట్టుకుంది. వాడికి పడనిదేదో ఆ ఒక్క పేరు చెప్పండి, జన్మలో దాన్ని వాడి దగ్గరికి రానివ్వను అంటోంది."