ముందు సీటు

చలి తగ్గుముఖం పట్టిన ఆదివారం పొద్దున. ఇంటి వెనక గచ్చు మీద రెండు సీట్ల సైకిలు, దానికి చెరో పక్కన మొగుడూ పెళ్ళామూ.

"నువ్వెన్నైనా చెప్పు బావా, ఈ ఏడు ముందు సీటు నాదే."

"ముందు ఆ గుడ్డ ఇలా పడెయ్. హ్యాండిలంతా దుమ్ము కొట్టుకుపోయింది."

"మాట మార్చకు. ముందు నేను, వెనక నువ్వు. కాదంటే నువ్వొక్కడివే వెళ్ళు, నేను రాను."

"రెండు సీట్ల సైకిలు మీద ఒక్కణ్ణే వెళ్తే వీధిలోవాళ్ళు ఏమనుకుంటారే? పెళ్ళాన్ని దార్లో ఎక్కడో పారేసుకున్నాడనుకుంటారు."

"అనుకోనీ. నాకేం?"

"ముందు సీటంటే మాటలనుకున్నావా? హ్యాండిల్ పట్టాలి, బ్రేకు నొక్కాలి, బెల్లు కొట్టాలి, అడ్డొచ్చిన కుక్కని తిట్టాలి. నువ్వేమో వెనకాల మహారాణిలా కూర్చుంటావు. లాగేవాడి కష్టం నీకేం తెలుసు?"

"అబ్బో! లాగింది నువ్వేనా?"

"మరి కాదా? గాలి పంపు ఎక్కడ పెట్టావ్?"

"నీ కాళ్ళ దగ్గరే ఉంది. వెనక చక్రానికి నేను కొట్టేశాను. ముందుది నువ్వు కొట్టుకో."

"సరే సరే. అయినా హఠాత్తుగా నీకీ ముందు సీటు పిచ్చేంటి? ఇన్నేళ్ళూ లేందే?"

"ఇన్నేళ్ళూ అవసరం రాలేదు."

"ఇప్పుడేమొచ్చిందట?"

"నిరుడంతా నీ వీపు తప్ప ఏం చూశాను చెప్పు? వంతెన దాకా వీపు. వంతెన నుంచి ఇంటి దాకా వీపు. ఆ నీలం గళ్ళ చొక్కాకి వీపు మీద ఎన్ని గళ్ళున్నాయో అడుగు, కళ్ళు మూసుకుని చెప్తాను."

"అంతకుముందూ ఈ వీపే కదే! నిరుడు కొత్తగా మొలిచిందా?"

"అంతకుముందు ఆ వీపుకి నోరుండేది."

"ఈ పంపు సరిగ్గా పట్టట్లేదేంటి..."

"చూశావా, మళ్ళీ! అంతకుముందు ఎక్కిన దగ్గర్నుంచీ దిగేదాకా వాగుతూనే ఉండేవాడివి. 'అదిగో, బేకరీ ఆయన జుట్టుకి రంగేశాడు, ఒక పక్కే అంటింది. అదిగో, టైలరు కొట్టు ముందు ఇద్దరు పోట్లాడుకుంటున్నారు, ఒకే చొక్కాకి చెరో చెయ్యీ పట్టుకుని.' నాకు నీ వీపు తప్ప ఏం కనిపించకపోయినా, దారంతా కనిపించేది."

"అందులో సగం అబద్ధాలే."

"ముప్పాతిక. నాకు తెలీదనుకున్నావా? ఒకసారి పోస్ట్‌మాన్ గుర్రమెక్కి వస్తున్నాడన్నావు. తీరా పక్కనుంచి పోయేసరికి అది చెత్తబండి."

"చెత్తబండి అని చెప్తే నువ్వు నవ్వుతావా?"

"మరి నిరుడు అదీ లేదే! ఏమడిగినా 'ఊఁ'. వంతెన వచ్చిందా అంటే 'ఊఁ'. నామీద కోపమా అంటే దానికీ 'ఊఁ'."

"కోపమా అన్నావా? నాకు వినపడి ఉండదు."

"చలికాలమంతా అదే ఆలోచించాను బావా. నాతో మాట్లాడ్డం విసుగొచ్చేసిందేమోననిపించింది. సరే, చెప్పేవాడు చెప్పనప్పుడు నా కళ్ళతో నేనే చూసుకుంటాను. అందుకే ముందు సీటు."

"ఛ! విసుగేంటే, పిచ్చిదానా!"

"విసుగు కాకపోతే మరేంటి?"

"ఆ నూనె డబ్బా ఇటియ్యి."

"ఇవ్వను. చైన్లకి నేనే వేస్తాను."

"అయితే వెనక దానికి వెయ్యి. ముందు చైను జోలికి పోకు, అది నేను చూసుకుంటా."

"ఎందుకట? దానికేం... ఇదేంటి బావా? మన రెండు పెడళ్ళనీ కలిపే చైను ఇలా వేలాడుతోందేంటి?"

"పోకన్నానా! వదిలెయ్, నేను బిగిస్తాలే."

"కాదు, ఆగు. వెనక చక్రానికి పోయే చైను సాగిపోయి రెండుసార్లు మార్చాం. ఇది మాత్రం కొన్నప్పట్నుంచీ ఒక్కసారీ సాగలేదు. 'గట్టి సరుకు' అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేవాడివి."

"గట్టి సరుకే."

"ముందున్నవాళ్ళు తొక్కితేనే కదా దీనిమీద బరువు పడేది?"

"ఏమో, నాకేం తెలుసు! స్పానరు ఇలా ఇవ్వు."

"ముందున్నవాడు కాళ్ళు ఊరికే ఆనించి కూర్చుంటే? వెనకవాళ్ళు తొక్కుతుంటే ముందు పెడళ్ళు వాటంతటవే తిరుగుతాయి. చైను చెక్కుచెదరదు. ఓరి నాయనో! ఇన్నేళ్ళూ నువ్వు అసలు తొక్కనే లేదా?"

"ఎత్తులో కొంచెం..."

"బావా!"

"పల్లంలో కొంచెం."

"పల్లంలో తొక్కేదేముంది మహానుభావా! అమ్మో అమ్మో! వంతెన ఎక్కేటప్పుడు నేను రొప్పుతుంటే 'ఇంకొంచెం, ఇంకొంచెం, నేను లాగుతున్నాగా' అనేవాడివి! ఇంటికొచ్చాక కాళ్ళు పట్టమనేవాడివి! పట్టాను కూడా!"

"బాగా పట్టేదానివి."

"నవ్వించకు. నాకిప్పుడు నవ్వొస్తే గొడవంతా పాడైపోతుంది. ఉండు, ఉండు. మరి ఇన్నేళ్ళూ సాగని చైను ఇప్పుడెందుకు సాగింది?"

"పాతబడింది."

"నిరుడు ఎండలు మొదలయ్యేటప్పుడు నేనే తుడిచాను, బిగుతుగా ఉంది. చలికాలమంతా గోడకి ఆనుకునే ఉంది. మధ్యలో నిరుడు తిరిగిన తిరుగుడే కదా?"

"స్పానరు ఇస్తావా, లేదా?"

"నిరుడు నువ్వు తొక్కావు."

"సరే, నేనే వెతుక్కుంటా."

"స్పానరు నా చేతిలో ఉంది. నిరుడు నువ్వెందుకు తొక్కావు బావా?"

"ఎందుకేంటి? నువ్వు జ్వరపడి లేచావు. మంచం దిగీ దిగకముందే సైకిలెక్కుదాం పదమని గోల. డాక్టరమ్మేమో ఆయాసపడనివ్వద్దంది. వద్దంటే నువ్వు వినే రకమా?"

"నేను తొక్కుతూనే ఉన్నానే! ఎంత తేలిగ్గా పోతోందో, ఒంట్లోకి బలం వచ్చేసిందనుకుని ఎంత మురిసిపోయానో!"

"నువ్వలా అనుకోవాలనే."

"ఆ ముక్క నాకు చెప్తే నీ సొమ్మేం పోయేది? చలికాలమంతా ఎంత కుమిలిపోయానో తెలుసా? మొగుడికి మొహం మొత్తానని!"

"చెప్పడానికి ఊపిరుంటే కదే! నిన్నూ నన్నూ ఇద్దర్నీ లాగుతూ, పోస్ట్‌మాన్‌కి గుర్రం ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

"ఇదిగో స్పానరు."

"ఏడుస్తున్నావా?"

"నూనె కంట్లో పడింది. గట్టిగా బిగించు."

"బిగిస్తాలే. మరి సీటు సంగతి? నీ ఎత్తుకి దించమంటావా?"

"ఏమీ అక్కర్లేదు. ఇప్పుడు నేను గట్టిగానే ఉన్నాను. ముందు నువ్వే కూర్చో. కానీ ఈ చైను మళ్ళీ సాగిందో బావా, నీ సంగతి చెప్తాను!"