రెండు చక్రాలకూ న్యాయం చేసిన గౌస్ పాషా గారు

1990వ సంవత్సరం జూలై పదహారవ తేదీన హనుమకొండలోని మన ఇంజనీరింగ్ కళాశాల వర్క్‌షాపులో శిక్షకులుగా అడుగుపెట్టిన శ్రీ గౌస్ పాషా గారు, ఈ మాసాంతాన సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేయనున్న శుభవేళ వారి సేవలను స్మరించుకోవడం మనందరి భాగ్యం. డోర్నకల్ రైల్వే కుటుంబంలో జన్మించిన వారికి ఇనుముతో చెలిమి ఉగ్గుపాలతోనే అబ్బింది.

తొలినాళ్ళు లేతు యంత్రాల వద్దనే గడిచాయి. పనిముట్టును తుడవకుండా ఇంటికి వెళ్ళినవారు మరునాడు వారి చూపులకు జవాబు చెప్పుకోక తప్పేది కాదు. ఈ విషయంలో ఆచార్యులకూ మినహాయింపు లేదని సాక్ష్యం చెప్పగలవారు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. అనంతర కాలంలో ఫోర్‌మన్‌గా, సూపరింటెండెంటుగా ఎదిగి, విద్యార్థుల రేసు కారు బృందానికి మార్గదర్శకులైనారు.

నిరుటి పోటీలో ఒకే కారు తిన్నని బాటలో డ్రాగ్ పందెమూ, మలుపుల బాటలో రోడ్డు పందెమూ పరుగెత్తాలి. మన కారేమో బయలుదేరగానే ఒక చక్రం ఉత్తగా గిర్రున తిరిగేది. కారు నడిపే విద్యార్థిని దీప తండ్రి, నెక్కొండ రైతు కొమురెల్లి గారు అది చూసి, తమ ట్రాక్టరు బురదలో దిగబడితే డిఫరెన్షియల్ లాక్ తొక్కుతామని, రెండు చక్రాలూ కలిసి లాగుతాయని సెలవిచ్చారు. మాట అందరికీ నచ్చింది. పాషా గారూ తలూపి, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ను వెల్డింగుతో బిగించివేశారు. పోటీకి ముందు సాధనలో తిన్నని బాటపై కారు బాణంలా దూసుకుపోయింది. అయితే మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కదా! బురద ఓర్చుకున్న బిగింపును తారు రోడ్డు ఓర్చుకోలేదు. కారు మలుపు తిరగక నేరుగా పోయి బాట పక్కన పేర్చిన గడ్డిమోపులకు గుద్దుకున్నది. దైవకృపతో దీపకు దెబ్బ తగలలేదు.

ఆ రోజు పాషా గారికి అన్నం సహించలేదు. విభాగాధిపతి మహిపాల్ గారితో, "సాబ్, కొమురెల్లి నా చేతిల కారు పెట్టలే, పిల్లను పెట్టిండు. మస్తు ఫికరైతాంది" అన్నారు.

రెండు చక్రాలకూ లాగుడు పంచుతూనే మలుపులో తేడాకు తావిచ్చే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కావాలని తేలింది. ప్లేట్ల రకమైతే పందేన్ని బట్టి బిగింపు మార్చుకోవచ్చునని మహిపాల్ గారి వాదం. ప్లేట్లు డ్రాగ్ దెబ్బలకు అరుగుతాయనీ, అరిగినప్పుడల్లా విప్పి సర్దాలనీ, అరుగుదల తెలియకపోతే మళ్ళీ ఆ పిల్లకే ముప్పనీ పాషా గారి భయం. చాయ్ చల్లారింది గానీ మహిపాల్ గారు చల్లారలేదు. చివరకు పాషా గారు ప్లేట్లు లేని గేర్ల రకాన్నే ఎంచుకున్నారు. చక్రం నేలను విడిస్తే దాని పట్టు సడలుతుందన్న లోపాన్ని దాచలేదు. చక్రం లేవకుండా వెనుక సస్పెన్షన్‌ను మెత్తబరిచి, దీప చేత వారాల తరబడి మలుపులే తిప్పించారు.

పోటీనాడు డ్రాగ్‌లో మనకు మూడవ స్థానం దక్కింది. రోడ్డు పందెంలో ప్రతి మలుపుకూ పాషా గారి పెదవులపై దువా కదిలింది. దీప అన్ని చుట్లూ పూర్తి చేసి, చిరునవ్వుతో దిగింది. మరునాడు వారు డిఫరెన్షియల్ నూనెను తెల్లబట్టలో వడగట్టారు. వేళ్ళతో తడిమి, వెలుగులో తిప్పి చూశారు. గేర్లు అరిగినట్టు చెప్పే ఇనుప రజను జాడ లేదు. అప్పుడు గదా వారు స్టూలుపై కూలబడి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నది! అమ్మయ్య, మనకూ ప్రాణం లేచివచ్చింది. వెంటనే కొమురెల్లి గారికి ఫోను చేసి, "అన్నా, ఇగ నిమ్మలంగుండు. బండి మంచిగున్నది. వచ్చే పందానికి పిల్లను మళ్ళ పంపు" అన్నారు.

 అవతలి నుంచి కొమురెల్లి గారి మాట వినిపించింది: "నువ్వు నౌకరి దిగిపోతవని తెల్సి, ఇగ బండినెవరు చూస్తరని భయపడ్డ సారూ. బండిని గింత గట్టిగ చేసినవు, ఇగ పంపుత."

సహధర్మచారిణి తాహెరా బేగం గారితో, పిల్లలతో, ఆయురారోగ్యాలతో శ్రీ గౌస్ పాషా గారు నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, వచ్చే పందెంలో ప్రేక్షకుల వరుసలో కాలుమీద కాలేసుకొని కూర్చోవాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాము.