రూబెన్ వెళ్ళాల్సిన తలుపు

బతికినంత కాలం రూబెన్, నల్లవాడు కాబట్టి, తెల్లవాళ్ళ ఇళ్ళకి పెరటి తలుపునుంచే వెళ్ళాడు. చచ్చాక మాత్రం సొంతింటి ముందు తలుపులోంచే పోతానని పెళ్ళాం లవీనియా చేత మాట తీసుకున్నాడు. ఇప్పుడు ముందుగదిలో శవపేటికలో ఉన్నాడు. రేపు పదింటికి ఎత్తుతారు. పేటిక తెచ్చినవాడు ముందరి చెక్క వసారాని బూటుతో రెండుసార్లు తొక్కి చూసి, "పేటిక మోసే ఆరుగురి బరువు ఆగదమ్మా, పెరటి దారిన తీసుకుపోదాం," అనేసి వెళ్ళాడు.

పరామర్శకొచ్చిన మగవాళ్ళు వసారాలో, మెట్ల మీద కూర్చున్నారు. వడ్రంగి హోసియా నోరు ఊరుకుంటుందా?

"ఆగదని ఎవడన్నాడ్రా? పన్నెండేళ్ళ కింద పాత పలకలన్నీ పీకి, కొత్తవి నేనొక్కణ్ణే రెండు రోజుల్లో దిగ్గొట్టాను. ఒకదాని గాడిలో ఇంకోటి ఎట్లా కూర్చుందంటే, బిందెడు నీళ్ళు పోస్తే చుక్క కిందికి దిగలేదు, చీమలు సందు దొరక్క మెట్ల మీదుగా చుట్టూ తిరిగిపోయేవి."

"చీమలు నీతో చెప్పాయా అన్నా?" అన్నాడు పక్కింటి టోబియాస్.

"ముందు వినరా. ఆ ఏడే మిసిసిపి నది పొంగింది. వసారా ఇంటినుంచి ఊడింది గానీ పలక పలకనుంచి ఊడలేదు! నేను, రూబెను, చర్చిలో పాడేవాళ్ళు పదకొండు మంది, ఒక ఆవు, అందరం దానిమీదే. దిగువన విక్స్‌బర్గ్ ఊరి దాకా తేలుకుంటూ పోతే, ఇంత పెద్ద స్టీమరు కూత వేసి మాకు దారిచ్చింది, తెల్ల కెప్టెను టోపీ తీశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆవు పాట పాడిందన్నా నమ్ముతాను గానీ, తెల్లోడు టోపీ తీశాడంటే నమ్మను," అని మెట్ల మీది ముసలాయన గొణిగాడు.

"ఇంకా దిగువన నాచెజ్ దగ్గర ఆ ఊరి పాస్టరు దానిమీద నిలబడే నలభై మందికి బాప్తిస్మం ఇచ్చాడు. మరి తిరిగి రావడానికి తెడ్డేదీ? నా మేకులకి వాటి దూలాలు తెలుసు! ఏటికి ఎదురు లాక్కొచ్చి, ఈ ఇటుక దిమ్మెల మీదే, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టాయి. కావాలంటే రూబెన్ని..."

అందరూ తలుపు వైపు చూశారు.

లవీనియా గుమ్మం దాటి వచ్చింది. నిమ్మరసంలోకి ఐసు పగలగొడుతున్న చువ్వ ఇంకా చేతిలోనే ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని హోసియా బూటు పక్కనున్న పలకలో గుచ్చింది. చప్పుడైనా లేకుండా పిడిదాకా దిగింది.

"పైన మూడు పూతల రంగు వేశావు హోసియా. అడుగున ఎన్ని వేశావు?"

హోసియా బూటు వెనక్కి లాక్కున్నాడు. కోతలకి చెమ్మ తగలదు. చెక్కకి తగులుతుంది.

"పలక బిగించకముందే అడుగుకి రంగు పుయ్యాలని నాక్కూడా తెలుసు. ఇది పుచ్చిపోవడం రూబెన్ నాలుగేళ్ళ కిందే చూశాడు. నీ పరువు పోతుందని నన్ను నోరెత్తనివ్వలేదు. రేపు ఆయన పెరటినుంచి పోయాడంటే అది నీవల్లే."

హోసియా నల్లకోటు విప్పి మెట్ల మీద పెట్టాడు. వసారా కిందికి పాకి దూలాలు ఒక్కొక్కటీ పిడికిలితో కొట్టి చూసి, మట్టి కొట్టుకుని బయటికొచ్చాడు.

"దూలాలు గట్టిగానే ఉన్నాయక్కా. టోబియాస్, నీ బండి తియ్యి. మా ఇంటి వసారా పలకలు పీక్కొద్దాం."

"అవి మాత్రం ఆగుతాయా?" అంది లవీనియా.

హోసియా ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"ఆగుతాయక్కా. వాటికి రెండువైపులా రంగు వేసుకున్నాను."